నాలుగా, ఆరా? ముందు స్కాన్ చూడండి

అన్నా, మీ నాన్నగారికి పళ్లన్నీ పోయాయి, ఒక డాక్టర్ దవడకి నాలుగు ఇంప్లాంట్లు (పంటి వేరు బదులు ఎముకలో దించే స్క్రూలు) చాలన్నారు, ఇంకొకరు ఆరు వేయాలన్నారు, ఎవరి మాట వినాలని కదా మీ టెన్షన్. ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. తేల్చేది ఎముక. దవడ ఎముకను 3డీలో చూపించే సీబీసీటీ స్కాన్ తీయించారా? అది చూడకుండా అంకె చెప్పేవాళ్లను మాత్రం నేను నమ్మను.

ఆల్ ఆన్ ఫోర్‌లో, అంటే దవడ సెట్టు మొత్తాన్ని నాలుగు స్క్రూల మీదే బిగించే పద్ధతిలో, వెనక రెండు స్క్రూలను ఏటవాలుగా దించుతారు. పైన సైనస్‌కి (ముక్కు పక్కన ఉండే గాలి గది), కింద దవడ నరానికి తగలవు, ఎముక పెంచే ఆపరేషన్ చాలామందికి తప్పుతుంది. చిక్కల్లా, నాలుగింట్లో ఒకటి ఊడినా సెట్టు మొత్తానికే ఎసరు. పైదవడ ఎముక మెత్తన. అందుకే చోటుంటే పైన ఆరు, కింద నాలుగు అంటాను నేను.

మా అమ్మకు కింద రెండే వేయించి, ప్రెస్ బటన్‌లా టక్కున పట్టే సెట్టు పెట్టించాం. ఖర్చు బాగా తగ్గింది. జొన్నరొట్టె తింటోంది. రాత్రి సెట్టు తీసి గిన్నెలో నీళ్లలో వేస్తుంది, అదొక్కటే ఆవిడకి విసుగు.

నాన్నగారికి షుగర్ ఉందన్నారు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) అదుపులోకి వచ్చాకే మొదలెట్టండి. స్క్రూలు వేసిన రోజే బిగించేది తాత్కాలిక సెట్టు. స్క్రూలను ఎముక గట్టిగా పట్టడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, పర్మనెంట్ సెట్టు ఆ తర్వాతే. కొటేషన్‌లో పర్మనెంట్ సెట్టు ఖర్చు కలిపారో లేదో రాయించుకోండి.