తుపాను ఎక్కడ దాటుతుందన్నది సరే, మీరు దానికి ఏ పక్కన ఉన్నారు?

మీరు అడిగింది ఇదీ: కాకినాడకి బదిలీ మీద కొత్తగా వచ్చారు. భానుగుడి దగ్గర అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఇంట్లో అత్తమామలు, నాలుగేళ్ల పాప. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది, నాలుగు రోజుల్లో తుపానై ఇటే వస్తుందంటున్నారు. వాట్సాప్‌లో వచ్చే మ్యాపులు ఒక్కోటి ఒక్కో ఊరు చూపిస్తున్నాయి. దేన్ని నమ్మాలి, ఏం సర్దుకోవాలి, ఉండాలా హైదరాబాద్ వెళ్లిపోవాలా?

నేను పుట్టి పెరిగింది ఇక్కడే. 96 గాలివాన నాటికి స్కూల్లో ఉన్నాను. హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉద్యోగం. మొంథాకి మళ్లీ ఇక్కడే ఉన్నాను. కాబట్టి చూసింది చెప్తాను.

ముందుగా ఆ మ్యాపుల సంగతి. ఫోన్లో రంగురంగుల గాలి బొమ్మలు చూపించే యాప్‌లు చెడ్డవేం కాదు, నేనూ చూస్తాను. కానీ అందులో కనిపించేది ఒక కంప్యూటర్ మోడల్ లెక్క మాత్రమే. అమెరికా మోడల్ ఒకటి చెప్తే యూరప్ మోడల్ ఇంకోటి చెప్తుంది. ఎవరికి నచ్చిన స్క్రీన్‌షాట్ వాళ్లు గ్రూపులో పడేస్తారు. పది రోజుల ముందే మచిలీపట్నం అనో గోపాల్‌పూర్ అనో ఊరి పేరుతో సహా చెప్పేవాళ్లని పట్టించుకోకండి. భారత వాతావరణ విభాగం అన్ని మోడళ్లూ, ఉపగ్రహ చిత్రాలూ, విశాఖ, మచిలీపట్నం రాడార్లూ చూసి బులెటిన్ ఇస్తుంది. తుపానుగా మారాక మూడు గంటలకోటి వస్తుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ అదే సమాచారాన్ని తెలుగులో, జిల్లాలవారీగా పెడుతుంది. ఈ రెండూ చాలు. టీవీ కట్టేసినా నష్టం లేదు, మీ అత్తగారికి సగం టెన్షన్ తగ్గుతుంది.

వాతావరణ విభాగం మ్యాపులో తుపాను దారి గీతకి అటూ ఇటూ గరాటులా విచ్చుకుంటూ పోయే భాగం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని తుపాను సైజు అనుకుంటారు. అది కాదు. తుపాను కేంద్రం ఎంత పక్కకి జరిగే వీలుందో చెప్పే హద్దు అది. గాలీ వానా ఆ గరాటు దాటి చాలా దూరం ఉంటాయి. ఒక్క రోజు ముందు ఇచ్చిన అంచనాలో కూడా కొన్ని పదుల కిలోమీటర్ల తేడా రావడం మామూలే. 2022 మేలో అసని తీరం దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగి సముద్రంలోనే పోతుందన్నారు. చివరికి అది బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం మధ్య ఒడ్డెక్కింది. (శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి ఒడ్డుకి బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది ఆ తుపానుకే. టీవీ వాళ్లకి గాలీ వానా వదిలేసి రెండు రోజులు అదే పని.)

అందుకే నరసాపురమా, అంతర్వేదా, కాట్రేనికోనా అని చూస్తూ కూర్చోవద్దంటాను. దాని కంటే ముఖ్యమైనది, తుపాను దారికి మనం ఏ పక్కన ఉన్నామనేది. మన తుపాన్లలో గాలి గడియారం ముళ్లకి ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను పడమరకో వాయవ్యానికో వస్తుంటే దానికి కుడి పక్క, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్లకి గాలి సముద్రం మీంచి వస్తుంది. నీళ్లని తోసుకుంటూ వస్తుంది. అదే ఉప్పెన. ఎడమ పక్క, అంటే దక్షిణాన, గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. 1977 నవంబర్ 19న తుపాను తీరం దాటింది చీరాల వైపు. ఉప్పెన ముంచేసింది మాత్రం దానికి ఉత్తరాన ఉన్న దివిసీమని. తుపాను నరసాపురం దగ్గర దాటుతుందని తెలిసి "హమ్మయ్య, కాకినాడ కాదు" అని ఊపిరి పీల్చుకునేవాళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. అలాంటప్పుడు మనం కుడి పక్కన ఉంటాం, ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఈ విషయం తెలుసుకోవడానికి మ్యాపు కూడా అక్కర్లేదు, పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు చాలు. పేపర్లో రోజూ వస్తుంది కానీ దాని అర్థం ఎవరూ చెప్పరు. ఒకటి, రెండు అంటే తుపాను దూరంగా ఉంది. మూడు, నాలుగు వస్తే రేవుకి ముప్పు మొదలైనట్టు. ఐదు నుంచి ఏడు దాకా తుపానుకి, ఎనిమిది నుంచి పది దాకా తీవ్ర తుపానుకి. ఐదు, ఎనిమిది అంటే రేవు తుపాను దారికి ఎడమ పక్కన ఉంటుంది. ఆరు, తొమ్మిది అంటే కుడి పక్కన. ఏడు, పది అంటే తుపాను నెత్తి మీద నుంచో, బాగా దగ్గర నుంచో పోతుంది. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. తీవ్ర తుపాను కాకినాడ మీదకి వస్తోందనుకోండి, ఇక్కడ పది, విశాఖలో తొమ్మిది, మచిలీపట్నంలో ఎనిమిది కనిపించొచ్చు. తొమ్మిది కంటే పది పెద్దది కాబట్టి విశాఖ వాళ్లకి ఫర్వాలేదనుకుంటే పొరపాటే.

ఇంకోటి, తుపాను ఎంత వేగంగా కదులుతోందో బులెటిన్‌లో రాస్తారు. నెమ్మదిగా కదిలేదాన్నే నేను ఎక్కువ అనుమానిస్తాను. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, కానీ దానికి ముందు చెన్నై దగ్గర మెల్లగా కదులుతూ ఆ నగరాన్ని ముంచేసింది. సముద్రంలో పోటు వేళలు కూడా చూసుకోండి. పోటు మీద ఉన్నప్పుడు తుపాను దాటితే ఆ ఎత్తంతా ఉప్పెనకి కలుస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గరైతే మరీ.

ఇక ఉండాలా వెళ్లాలా. దుమ్ములపేట, పర్లోపేట, ఏటిమొగ వైపు, ఉప్పాడ రోడ్డు పొడుగునా ఉన్నవాళ్లు, రేకుల ఇళ్లవాళ్లు అధికారులు చెప్పగానే మారు మాట లేకుండా పునరావాస కేంద్రానికి వెళ్లాల్సిందే. తుపాను అంటే గాలే గుర్తొస్తుంది కానీ ఎక్కువ ప్రాణాలు తీసింది నీళ్లే. 1996 నవంబర్ 6న వచ్చిన దానికి వెయ్యి మందికి పైగా పోయారు, వాళ్లలో వేటకెళ్లిన మత్స్యకారులు చాలామంది. కాకినాడకి ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండబట్టి అలల దెబ్బ కొంత తగ్గుతుంది. ఆ అడ్డు లేని ఉప్పాడ రోడ్డు మాత్రం దాదాపు ప్రతి తుపానుకీ కోసుకుపోతుంది. మీది స్లాబ్ ఇల్లు, మూడో అంతస్తు, ఒడ్డుకి దూరం. మీ చోట నేనుంటే కదలను. అత్తమామల్లో ఎవరికైనా డయాలసిస్, ఆక్సిజన్ మిషన్ లాంటి అవసరం ఉంటే అది వేరే సంగతి, కరెంటు లేకుండా ఇంట్లో గడవదు. ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉన్నా ముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చాలి, ఆ పని అధికారులే చేస్తుంటారు.

వెళ్లాలనుకుంటే తుపాను దాటే రోజుకి కనీసం ఒక రోజు ముందే వెళ్లండి. ఆ రోజుకి రైళ్లు రద్దవుతాయి, బస్సులు ఆగుతాయి. వర్షంలో కారు తీసుకుని హైవే ఎక్కడం ఇంట్లో కూర్చోవడం కంటే ప్రమాదం. హైదరాబాద్ దారిలో వాన ఉండదనీ అనుకోవద్దు. మొంథా 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, మర్నాడు నీళ్లలో మునిగింది వరంగల్, హనుమకొండ.

సర్దుకోవడం గురించి ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గాలి ఉండేది కొన్ని గంటలే, కరెంటు లేకుండా ఉండేదే ఎక్కువ కాలం. గాలి పెరగ్గానే ప్రమాదం జరక్కుండా కరెంటు వాళ్లే సరఫరా ఆపేస్తారు. ఆ తర్వాత స్తంభాలు పడితే ఎప్పుడొస్తుందో చెప్పలేం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదుగానే దాటింది. గంటకి 180 కిలోమీటర్ల గాలి కంటే ఆ తర్వాతి రోజులే జనాన్ని ఎక్కువ ఏడిపించాయి. మోటారు ఆడదు కాబట్టి ట్యాంకులో నీళ్లు లేవు. ఏటీఎంలు లేవు, కార్డు గీకే మిషన్లు లేవు, ఫోన్ సిగ్నల్ లేదు. పెట్రోల్ బంకుల దగ్గర కిలోమీటర్ల పొడుగున లైన్లు. పాల ప్యాకెట్ ఎంతంటే అంత. చేతిలో నోట్లున్నవాడు ఆ వారం రాజు. ఇప్పుడు మనం అప్పటికంటే ఎక్కువగా ఫోన్ పేమెంట్ల మీద బతుకుతున్నాం, కాబట్టి చిన్న నోట్లతో సహా కొంత డబ్బు ఇవాళే తెచ్చి పెట్టుకోండి.

ముందు రోజు సాయంత్రానికి ట్యాంకు నిండుగా ఉండాలి, బకెట్లూ డ్రమ్ములూ నింపాలి, తాగే నీళ్ల టిన్నులు రెండు మూడు ఎక్కువ తీసుకోవాలి. గ్యాస్ సిలిండర్ చూసుకోండి. అటుకులు, రవ్వ, బిస్కెట్లు, పాపకి పాలపొడి, పెద్దవాళ్ల మందులు వారం పదిరోజులకి సరిపడా. ఇన్సులిన్ ఉంటే ఐస్ ప్యాకులు ముందే గడ్డకట్టించి పెట్టుకోండి. దోమల చుట్టలు మర్చిపోకండి, ఫ్యాన్ లేని రాత్రి వాటి విలువ తెలుస్తుంది. పవర్ బ్యాంకు నింపి పెట్టి, వీడియోలు చూడ్డం మానేస్తే ఫోన్ నిలబడుతుంది. మీ నెట్‌వర్క్ పోతే ఫోన్ సెట్టింగుల్లో వేరే కంపెనీ నెట్‌వర్క్ ఎంచుకుని చూడండి. విపత్తులప్పుడు అలా వాడుకోవడానికి అనుమతిస్తుంటారు. 112, 1070 నంబర్లు కాగితం మీద రాసి గోడకి అంటించండి.

అపార్ట్‌మెంట్లలో వచ్చే తంటాలు వేరు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీల సందుల్లోంచి నీళ్లు లోపలికి ఊదినట్టు వస్తాయి. మొంథా రాత్రి మా ఇంట్లో పాత దుప్పట్లు, తువ్వాళ్లు అన్నీ ఆ సందుల్లోకే పోయాయి. తూర్పు, ఈశాన్యం వైపు గదుల్లోంచి మంచాలు జరిపేసి, పాపని గాజు లేని గదిలో పడుకోబెట్టండి. బాల్కనీలో కుండీలు, టెర్రస్ మీద విరిగిన కుర్చీలు, వదులుగా ఉన్న డిష్ గొడుగులు దించేయాలి, ఆ గాలికి అవన్నీ ఎగిరొచ్చి ఎవరి మీదో పడతాయి. టెర్రస్ మీద నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు తీయించండి. కారు చెట్టు కింద వద్దు, సెల్లార్‌లో అంతకంటే వద్దు. లిఫ్ట్‌ని పై అంతస్తులో నిలిపి కరెంటు తీసేయమనండి.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే బయటికి రావద్దు. విశాఖలో అలా ఆగినప్పుడు జనం రోడ్ల మీదకొచ్చి ఫోటోలు తీసుకున్నారు, కాసేపటికి గాలి అవతలి దిక్కునుంచి విరుచుకుపడింది. తుపాను కన్ను పైనుంచి పోయేటప్పుడు ఉండే ప్రశాంతత అది. తెల్లారాక కూడా తెగిపడిన వైర్ల దగ్గరికి పోకండి, నిలిచిన నీళ్లలో దిగకండి.

ఒక్కోసారి ఇంత చేశాక ఏమీ కాదు. 2013లో లెహర్ అతి తీవ్ర తుపాను అన్నారు, తీరానికొచ్చేసరికి చల్లబడి వాయుగుండమైంది. పక్కింటివాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. తెచ్చిన అటుకులు ఎటూ పోవు.

సెల్లార్‌లో నీళ్లు తోడే మోటారు పనిచేస్తోందో లేదో, దానికి డీజిల్ జనరేటర్ ఉందో లేదో మీ అసోసియేషన్ వాళ్లని ఇవాళే అడగండి. ఎల్లుండికి కాకినాడలో మెకానిక్ దొరకడు.