నింద ఎందుకు వేస్తారో నాకు కాణిపాకం కోనేటి దగ్గర తెలిసింది

"మనుషులు ఎదుటివాళ్ళ మీద నిందలు ఎందుకు వేస్తారు? ఆధ్యాత్మికంగా దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?" అని అడిగారు.

నేను పెద్ద చదువులు చదవలేదు. తిరుపతి కొర్లగుంటలో ఇరవై ఏళ్ళకు పైగా జాకెట్లు కుడుతున్నాను. అయినా దీనికి జవాబు చెప్పే హక్కు నాకుంది. ఒక నెల రోజులు మా వీధికి నేను దొంగని.

అసూయతో నిందలు వేస్తారని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. భయంతో వేస్తారు. ఎందుకలా అంటున్నానో చెబుతాను.

2012లో తిరుపతిలో గంగమ్మకు చేసే గంగజాతర అయిన కొన్ని వారాలకు మా వీధి అమ్మాయి ఒకామె, చెల్లెలి పెళ్ళికని ఆరు జాకెట్టు ముక్కలు సంచిలో వేసి తెచ్చిచ్చింది. నాలుగో రోజు మళ్ళీ వచ్చి, "అక్కా, ఆ సంచిలో నా రెండు సవర్ల గొలుసు పెట్టి మర్చిపోయినా, చూసినావా?" అంది. సంచి తిరగేశాం, మిషను కింద చూశాం, గుడ్డపేలికల మూట మొత్తం విప్పి నేల మీద పోశాం. లేదు. "పోనీలే అక్కా, ఇంట్లోనే యాడో పెట్టుంటా" అని వెళ్ళిపోయింది. నేనూ అంతటితో అయిపోయిందనుకున్నాను.

మూడు రోజులకు కొళాయి దగ్గర తేడా తెలిసింది. నేను బిందె తీసుకుని వెళ్ళగానే మాటలు ఆగిపోయేవి. ఒకావిడ చేతులు కూడా అతకని జాకెట్టును "అర్జెంటుగా కావాలి" అని పట్టుకుపోయింది. చేతులు లేని జాకెట్టుతో అర్జెంటు ఏముంటుంది? ఏడో తరగతి చదివే మా వాడు బడి నుంచి వచ్చి, సంచి దించకుండానే, "మా, ఆ గొలుసు మనింట్లో ఉండాదా?" అన్నాడు. నేను తీశానా అని కాదు వాడు అడిగింది, ఉండాదా అని. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

మా అత్త, "నింద వేసినోళ్ళు మన పాపం మోసుకుపోతారులే, ఊరకుండు" అనేది. ప్రవచనాల్లో కూడా ఈ మాట తెగ చెబుతారు. నాకు ఆ మాట మీద కోపం. నా పాపం వాళ్ళు మోసుకుపోతే నాకు తేలికగా ఉండాలి కదా? నాకు నిద్ర పట్టలేదు, మిషను తొక్కుతుంటే కాళ్ళు వణికేవి. సత్రాజిత్తు శమంతకమణి పోయి ఆ నింద తన మీద పడినప్పుడు కృష్ణుడంతటివాడు కూడా "పోనీలే, వాళ్ళే నా పాపం మోస్తారు" అని ఇంట్లో కూర్చోలేదు. అడవికి వెళ్ళి, మణి వేసుకుని పోయిన సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు చచ్చిపడిన చోటు నుంచి సింహం అడుగులు పట్టుకుని, జాంబవంతుడి గుహ దాకా పోయి, ఇరవై ఎనిమిది రోజులు పోరాడి మణి తెచ్చాడు. ఏటా వినాయక చవితికి అక్షింతలు చేతిలో పట్టుకుని ఆ కథ చదువుకుంటాం. చదివాక ఉండ్రాళ్ళు తినేసి లేచిపోతాం.

అందుకే నెల చివర ఆమె ఇంటి ముందు నిలబడి, "కాణిపాకం పోదాం రా. నేను ప్రమాణం చేస్తా, నువ్వూ చెయ్యి" అన్నాను. చిత్తూరు జిల్లా వాళ్ళకు ఈ మాట బరువేమిటో తెలుసు. కోనేట్లో మునిగి తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి అబద్ధం చెప్పేవాడు మా వైపు ఉండడు. పోలీసు స్టేషన్లో ధైర్యంగా అబద్ధమాడేవాడికి కూడా కాణిపాకం అనేసరికి గొంతు తడారిపోతుంది. వీధంతా వింటోంది కాబట్టి ఆమె రానని అనలేకపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరమే బస్సెక్కాం. చంద్రగిరి దాటాం, పాకాల వైపుకొచ్చాం, ఒక్క మాట లేదు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం, మళ్ళీ చుట్టుకోవడం, అదే పని. కోనేటి దగ్గరికి వచ్చాక నేను చెప్పులు విడిచి నాలుగు మెట్లు దిగాను. వెనక్కి చూస్తే ఆమె పైమెట్టు మీదే కూలబడి ఉంది.

"అక్కా, గొలుసు సేటు కొట్లో ఉండాది."

తమ్ముడు అప్పులపాలై ఏడిస్తే, మొగుడికి తెలియకుండా కుదువ పెట్టింది. చెల్లెలి పెళ్ళికి గొలుసు వేసుకో అని మొగుడు అడిగాడు. ఏం చెప్పాలో తోచక నోటికొచ్చిన పేరు నాది.

"నా పేరే ఎందుకొచ్చింది మే?" అన్నాను. నాకు ఆ రోజు గొలుసు కంటే ఇది తెలియడమే ముఖ్యం.

చాలాసేపటికి చెప్పింది. "నీకు పద్దెనిమిది వందలు కుట్టుకూలి బాకీ ఉండా కదక్కా. ఆర్నెల్లుగా నీ ఇంటి ముందు నుంచి పోవాలంటే తల ఎత్తలేకపోతా ఉండా. నీ పేరే మనసులో మెదులుతా ఉండె."

సత్రాజిత్తు కథ నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. కృష్ణుడు ఆ మణిని ఉగ్రసేన మహారాజుకు ఇవ్వమని అడిగితే సత్రాజిత్తు ఇవ్వనన్నాడు. ఆ ముల్లు లోపల ఉండిపోయింది. తమ్ముడు కనిపించకపోయేసరికి వేలు కృష్ణుడి వైపే తిరిగింది. కృష్ణుడు అతనికి ఏం చెడు చేశాడు? ఏమీ చెయ్యలేదు. సత్రాజిత్తే కాదన్నాడు. మనకు చెడు చేసినవాళ్ళ మీద కంటే, మనం బాకీ పడ్డవాళ్ళ మీదే నిందలు ఎక్కువ వేస్తాం. వాళ్ళను చూస్తే మన తప్పు గుర్తొస్తుంది. వాళ్ళే దొంగలైపోతే మన బాకీ మనకు కనిపించదు. మీ మీద ఎవరైనా నింద వేసి ఉంటే ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి, వాళ్ళు మీకేదో బాకీ ఉంటారు. డబ్బే కానక్కర్లేదు, ఒక సాయం, ఒక క్షమాపణ, ఏదో ఒకటి ఉంటుంది.

ఇంతవరకు ఆమె భయం. మరి వీధి సంగతేమిటి? ఆమె చెప్పింది ఇద్దరికే, మొగుడికీ పక్కింటావిడకీ. మిగతా ఊరేగింపు అంతా విన్నవాళ్ళు చేసిందే. వాళ్ళకు భయమూ లేదు, బాకీ లేదు. రుచి, అంతే. నాకు ఆమె మీద కోపం పోయింది కానీ విన్నవాళ్ళ మీద పోవడానికి ఏళ్ళు పట్టింది. దైవీ సంపద అని కృష్ణుడు గీతలో చెప్పిన గుణాల్లో అపైశునం అని ఒకటుంది, అంటే చాడీలు చెప్పకపోవడం. అహింస, సత్యం చెప్పిన శ్లోకంలోనే దాన్నీ చెప్పాడు. తిరుమలలో క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంట్లలో గంటల తరబడి కూర్చున్నప్పుడు చెవి పెట్టి వినండి. ఒక గోవిందకూ ఇంకో గోవిందకూ మధ్య కోడలి మీద నాలుగు, తోడికోడలి మీద ఆరు. కొండ ఎక్కి వచ్చి కూడా ఇదేనా అని నాకు బాధగా ఉంటుంది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు వచ్చాక కొళాయి దాకా నడిచే శ్రమ కూడా లేదు.

మా గంగజాతర చూసినవాళ్ళకు తెలుస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసుకుని ఎదురుపడిన వాళ్ళను బూతులు తిడతారు, ఎవరూ పట్టించుకోరు. బయటి ఊళ్ళవాళ్ళు ఇదేం భక్తి అని ముక్కు మీద వేలేసుకుంటారు. నాకైతే అందులో గొప్ప తెలివి కనిపిస్తుంది. నోట్లో ఉన్న విషమంతా ముఖం మీదే, అమ్మవారి పేరున, కొన్ని రోజుల్లో కక్కేసి స్నానం చేసి ఇంటికి పోతారు. చాటుగా అనే మాటకు స్నానం లేదు.

తిరుమల వెంకటేశ్వరస్వామి భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబను తలుచుకోకుండా ఈ సంగతి ముగించలేను. చిన్నతనంలోనే భర్త పోయినా, స్వామే నా భర్త అని బొట్టు తియ్యనన్నందుకు ఊరు ఆమెను ఎన్ని మాటలు అనలేదు? తిరుమలకు వచ్చినా ఆ బాధ తప్పలేదు, తన పెరట్లో పక్కవాళ్ళు ఎంగిలాకులు పోసేవారని చెప్పుకుంటారు. ఆమె 1817లో పోయింది. ఈ రోజుకీ రాత్రి ఏకాంత సేవలో స్వామికిచ్చే ముత్యాల హారతి ఆమె పేరు మీదే. ఆకులు పోసినవాళ్ళ పేర్లు నాకు తెలియవు, మీకూ తెలియవు. ఆ నెల రోజుల్లో నాకు పనికొచ్చిన ఆధ్యాత్మికం ఇదొక్కటే.

కోనేట్లో మేమెవరమూ మునగలేదు. ఇద్దరం దర్శనం చేసుకుని, కొబ్బరికాయ కొట్టి, సాయంత్రానికి ఇల్లు చేరాం. "మా ఆయనకు చెప్పొద్దక్కా, చంపేస్తాడు" అని బస్సులో నా చెయ్యి పట్టుకుంది. చెప్పలేదు. బీరువాలో చీరల అడుగున దొరికిందని ఆమే పక్కింటావిడతో చెప్పింది. నా పేరు నిలబడటానికి ఒక అబద్ధమే సాయపడింది. అది తప్పో ఒప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తర్వాత మూడు నెలల్లో గొలుసు విడిపించుకుంది, నా బాకీ కూడా తీర్చింది. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంది. ఆమెను ఫోనులో అడిగిన తర్వాతే ఇది రాస్తున్నాను.

ఇంకొక్కటి కూడా చెప్పాలి. గొలుసు దొరికిందని తెలిసిన రోజు పక్కింటావిడ మా ఇంటికి వచ్చి, ఈసారి ఆ అమ్మాయి మీద మొదలుపెట్టింది. "అంత గొలుసును యాడ పెట్టిందో తెలియని ఆడది ఏం సంసారం చేస్తుంది, అసలు దాని తీరే..." అని. నేను పది నిమిషాలు విన్నాను. ఆపలేదు. చెవికి ఎంత తీపిగా ఉందో చెప్పలేను. నెల రోజులు అదే నోరు నన్ను కాల్చిందని తెలిసి కూడా విన్నాను. మిషను మీద సూది విరిగితే అప్పుడు లేచాను.

ఆనాడు చేతులు లేని జాకెట్టు పట్టుకుపోయిన ఆవిడ మళ్ళీ నా దగ్గరికే వస్తోంది. ఇప్పటికీ ముక్కలు ఇచ్చేముందు సంచిని రెండుసార్లు బోర్లించి దులుపుతుంది. ఒకరోజు ఉండబట్టలేక, "ఆ గొలుసు దొరికింది కదా వదినా" అన్నాను. "నాకు తెలుసులే మే" అంది, మళ్ళీ ఒకసారి దులిపి ఇచ్చింది.