రోజుకు 600 కేలరీలతో బరువు తగ్గడం ఆగిపోతే మెటబాలిజం పాడైనట్టేనా?

మీరు రెండు నెలలుగా రోజుకు 600 కేలరీలకు మించకుండా తింటూ 84 కిలోల నుంచి 75కు వచ్చానని, మూడు వారాలుగా తూకం ముల్లు కదలడం లేదని, మెటబాలిజం (శరీరం శక్తిని ఖర్చుచేసే తీరు) శాశ్వతంగా పాడైందేమో, ఇక 400కు దిగాలా అని అడిగారు. పాడైపోలేదు, 400కు మాత్రం దిగవద్దు. నేను డాక్టరును కాను, కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు బోధించే ఉపాధ్యాయురాలిని. ఇదే పని నేనూ చేసి చూశాను కనుక, ఆ తరువాత ఎందుకలా జరిగిందో చదివి తెలుసుకున్నాను కనుక రాస్తున్నాను.

2017లో కార్తీక మాసం ముగిసిన మరునాడే మొదలుపెట్టాను. దగ్గరి పట్టణంలోని ఒక బరువు తగ్గించే కేంద్రంవారు రాసిచ్చిన కాగితం ప్రకారం ఉదయం పలుచటి రాగిజావ, మధ్యాహ్నం ఉడికించిన గుడ్డు, గిన్నెడు ఆనపకాయ కూర, సాయంత్రం మజ్జిగ, రాత్రి దోసకాయ ముక్కలు. అన్నీ కలిపినా 600 కేలరీల లోపే. రక్తపరీక్ష అడగలేదు, మాంసకృత్తుల మాటే ఎత్తలేదు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండే అలవాటున్నదానిని కనుక ఇదేమంత కష్టమనుకున్నాను గానీ, పొద్దుగూకాక చుక్కను చూసి కడుపునిండా భోంచేసే ఆ ఉపవాసానికీ, ఎనిమిది వారాల అర్ధాకలికీ పోలికే లేదు. మొదటి వారంలోనే మూడున్నర కిలోలు తగ్గి, సంక్రాంతి నాటికి 76 నుంచి 66.5కు చేరాను. అయితే ఇంట్లో అందరూ పలుచటి దుప్పటితో నిద్రపోతున్న రాత్రులలో నేను రగ్గు కప్పుకుని కూడా వణికాను. మేడమీది తరగతికి మెట్లెక్కలేక పిల్లలనే కిందికి రమ్మన్నాను. రోజూ సాయంత్రం నడిచే కాలువగట్టుకు వెళ్లడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు. ఒక నెల నెలసరి రాలేదు. పండుగ మూడు రోజులూ అందరితో కలిసి అన్నం, అరిసెలు, గారెలు తిన్నాక తూచుకుంటే 2.8 కిలోలు పెరిగి కనిపించింది. మీకు ఇప్పుడు పట్టుకున్న భయమే అప్పుడు నాకూ పట్టుకుంది.

ఆ భయం ఎంత తప్పో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. మూడు రోజులలో 2.8 కిలోల కొవ్వు పట్టాలంటే ఖర్చయ్యేది పోను ఇరవై వేలకు పైగా కేలరీలు మిగలాలి, ఎంత అరిసెల పండుగైనా అది నావల్ల కాదు. పెరిగింది నీరు. కాలేయంలోనూ కండరాలలోనూ గ్లైకోజెన్ (శరీరం నిల్వ ఉంచుకునే పిండిపదార్థం) తిరిగి చేరేటప్పుడు ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాముల దాకా నీరు చేరుతుంది. మొదటి వారంలో తగ్గిన మూడున్నర కిలోలలో ఎక్కువ భాగమూ ఆ నీరే.

మరి చలి, నీరసం, జుట్టు రాలడం మాటేమిటి? దాళ్వాలో గోదావరిలో నీరు చాలనప్పుడు ధవళేశ్వరం నుంచి కాలువలకు వంతులవారీగా వదలడం మన వాళ్లకు తెలిసిన సంగతే. తాగునీటి అవసరాలు ముందు తీరుస్తారు, శివారు చేలు నెర్రెలు విచ్చుతాయి. కాలువ పాడైందని అప్పుడెవరూ అనరు. తిండి తగ్గినప్పుడు శరీరం చేసే పనీ అటువంటిదే. ఆకలిని అదుపుచేసే లెప్టిన్, థైరాయిడ్ గ్రంథికి చెందిన టీ3 హార్మోన్లు తగ్గుతాయి, గుండె వేగం తగ్గుతుంది, మనకు తెలియకుండానే కదలికలు తగ్గుతాయి. మెదడుకూ గుండెకూ అందవలసినది అందుతుంది గానీ, జుట్టూ నెలసరీ శివారు ఆయకట్టు అవుతాయి. జుట్టు వెంటనే రాలదు, రెండు మూడు నెలల తరువాత రాలుతుంది; నాకు మార్చిలో గుప్పెళ్లతో ఊడింది, అప్పటికి ఆ తిండి మానేసి చాలా రోజులైంది.

దీనిని బాగా గమనించిన ప్రయోగం 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త చేసినది. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా 24 వారాలు అర్ధాకలితో గడిపారు, వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి సుమారు 40 శాతం పడిపోయింది. అయితే ఆ తగ్గుదలలో సగానికి పైగా శరీరం చిన్నదవడం వల్ల వచ్చినదే. వాళ్లకు రోజూ పెట్టినది 1,500 కేలరీలకు పైనే అన్నది మీరు గమనించాలి. శాశ్వతంగా పాడవుతుందన్న మాటకు 2016లో వెలువడిన ఒక అధ్యయనాన్ని చూపిస్తారు: బరువు తగ్గించే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందికి ఆరేళ్ల తరువాత కూడా విశ్రాంతిలో ఖర్చు, ఉండవలసినదాని కంటే రోజుకు 500 కేలరీల దాకా తక్కువగా ఉంది. వాళ్లు నెలల వ్యవధిలో పదుల కిలోలు తగ్గినవాళ్లు, రోజూ గంటల తరబడి వ్యాయామం చేసినవాళ్లు. తొమ్మిది కిలోలు తగ్గిన మీకూ నాకూ ఆ అంకె అన్వయించదు.

ఇక మీ మూడు వారాల సంగతి. మీ బరువున్న స్త్రీకి ఊరకే పడుకున్నా సుమారు 1,400 కేలరీలు ఖర్చవుతాయి. శరీరం పొదుపు చేసి అందులోంచి 200 కోసేసినా 1,200 ఉంటుంది, తింటున్నది 600 అయితే మిగిలిన 600 ఒంట్లోంచే రావాలి. మూడు వారాలకు అది కిలోన్నర కొవ్వు. ముల్లు కదలలేదంటే ఆ కిలోన్నరను నీరు కప్పిపెడుతూ ఉండాలి (తీవ్రమైన ఆకలిలోనూ, నెలసరి ముందూ ఇది మామూలే), లేదా లెక్కలో ఎక్కడో జారుతూ ఉండాలి. నా లెక్క తాలింపులో జారింది. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. ఆపైన మా వైపు కొబ్బరి కోరు పడని కూర ఉండదు.

800 కేలరీల తిండి ఎప్పుడూ తప్పేనని నేను అనను. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే వైద్య ప్రయోగంలో టైప్-2 మధుమేహులకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 825–853 కేలరీల పోషకాహార పానీయాలు ఇచ్చి, తరువాత మెల్లగా భోజనంలోకి తీసుకువచ్చారు. ఏడాది తరువాత 46 శాతం మందికి మందులు లేకుండానే మధుమేహం అదుపులోకి వచ్చింది. కానీ వాటిలో విటమిన్లు, లవణాలు, మాంసకృత్తులు కొలిచి కలిపారు, మొదటి రోజు నుంచే వైద్య బృందం పర్యవేక్షించింది. రాగిజావా దోసకాయ ముక్కలూ ఆ పని చేయవు. మాంసకృత్తులు చాలక నేను పోగొట్టుకున్నది కండ. ఏడాదిలో బరువు తిరిగి 79 కిలోలకు చేరింది, పెరిగినదానిలో ఎక్కువ కొవ్వే.

మీరు ముందు డాక్టరును కలిసి రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ లవణాల పరీక్షలు చేయించుకోండి. బీపీ మాత్రలో, షుగరు మాత్రలో వాడుతుంటే మోతాదు మార్చవలసి రావచ్చు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే ఆ మాట కూడా చెప్పండి, వేగంగా బరువు తగ్గినవారికి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడడం అరుదు కాదు. తరువాత వారానికి కొంత చొప్పున పెంచుతూ 1,300–1,400 దగ్గర నిలబడి, గుడ్లు, చేపలు, పప్పు, పెరుగుతో రోజుకు 60–70 గ్రాముల మాంసకృత్తులు అందేలా చూసుకోండి. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం చేయండి. నేను రెండోసారి ఈ పద్ధతినే పాటించి పద్నాలుగు నెలలలో 68కి వచ్చాను. మొదటి వారంలో మీకు ఒకటి రెండు కిలోలు పెరిగి కనిపిస్తే అది నీరేనని గుర్తుంచుకోండి.

థైరాయిడ్ పరీక్ష చేయిస్తే మాత్రం, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) మామూలుగా ఉండి టీ3 తక్కువగా రావచ్చు. అది ఆకలి వల్లనూ వస్తుంది కనుక, ఎన్ని వారాలుగా ఎంత తింటున్నారో డాక్టరుకు ముందే చెప్పండి. లేకపోతే అవసరం లేని మాత్ర మొదలయ్యే అవకాశం ఉంది.