సిల్ ఏదో చూపించమన్నారు, చెయ్యి లేవలేదు

ఈసారి ఉత్తరం రాసిన అమ్మాయి వాళ్లది కదిరి వైపు ఊరు. చాలా ఏళ్లుగా బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఉంటున్నారు. నాన్న బేల్దారి మేస్త్రీ, తను సివిల్ డిప్లొమా చివరి సెమిస్టర్‌లో ఉంది. అడిగింది కుదించి చెప్తున్నా: "సార్, మొన్న ఒక బిల్డర్ ఆఫీసులో ఇంటర్వ్యూకి వెళ్లాను. ఆయన నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఇందులో సిల్ ఏది, లింటెల్ ఏది, జాంబ్ ఏది, చూపించమన్నారు. డెఫినిషన్లన్నీ వచ్చు, కానీ చెయ్యి లేవలేదు. స్కర్టింగ్ ఎలా కొలుస్తారంటే చదరపు అడుగుల్లో అన్నాను, నవ్వారు. ఇప్పుడు ఫ్రెండ్స్ అందరూ బీఐఎం, అంటే బిల్డింగ్‌ని కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా తయారుచేసే కోర్సు చేయమంటున్నారు, ఫీజు అరవై వేలు. నాన్నేమో సైట్ పని నాతోనే పోనీ, నువ్వు ఏసీలో కూర్చునే ఉద్యోగం చూసుకో అంటున్నాడు. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు ఆ అరవై వేలు బ్యాంకులోనే ఉండనీ.

ఆయన నీకు సిల్ అంటే తెలుసా లేదా అని చూడలేదు, అది తెలుసుకోవాలంటే మార్కుల మెమో చూసినా సరిపోతుంది. రేపు రెండో అంతస్తు నుంచి మేస్త్రీ ఫోన్ చేసి "మేడమ్, లింటెల్ కింద రెండించీలు తగ్గుతోంది, ఏం చేయమంటారు" అంటే నీ కళ్ల ముందు ఆ గోడ కనబడుతుందా, లేక పుస్తకంలో పేజీ కనబడుతుందా అన్నదే ఆయన చూసుకున్నది. కిటికీ కింద గోడ ఎక్కడ ఆగిందో అది సిల్, పైన గోడ బరువు మోసే అడ్డ దూలం లింటెల్, అటూ ఇటూ నిలువు చెంపలు జాంబులు. నేల నుంచి సిల్ సుమారు మూడడుగులు, లింటెల్ ఏడడుగులు, మామూలు ఇళ్లలో ఇంతే. పుట్టినప్పటి నుంచి నువ్వు చూస్తున్న కిటికీయే అది, దానికి ఇంగ్లిష్ పేరు పెట్టి పరీక్షలో అడిగేసరికి వేరే వస్తువైపోయింది, అంతే.

బీఐఎం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. బీఐఎంకి వాడే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కిటికీ పెట్టి దాన్ని సెలెక్ట్ చెయ్, పక్కన కనబడే వివరాల్లో 'సిల్ హైట్', 'హెడ్ హైట్' అని గడులుంటాయి. అందులో ఏ నంబర్ వేయాలో నీకు తెలియకపోతే ఆ సాఫ్ట్‌వేర్ నీకు చెప్పదు, ముందే వేసి ఉన్న నంబరునే ఉంచేస్తుంది, బాత్రూమ్ వెంటిలేటర్ మూడడుగుల ఎత్తులో వచ్చి కూర్చుంటుంది. ఆ కోర్సు పనికిరానిదని నేననను. ఒక ఏడాది తర్వాత చేస్తే అదే అరవై వేలకి నాలుగింతలు నేర్చుకుంటావు.

ఇక స్కర్టింగ్. గోడ అడుగున, నేలని ఆనుకుని నాలుగించీల ఎత్తున అంటించే టైల్ పట్టీ అది, దాన్ని పొడవు లెక్కన, అంటే రన్నింగ్ ఫీట్‌లోనో మీటర్లలోనో కొలుస్తారు. అదే టైల్‌ని వంటగదిలో గట్టు మీద గోడకి రెండడుగులు ఎక్కిస్తే డాడో అవుతుంది, అప్పుడు చదరపు అడుగులు. ఇదేం చాదస్తం అనిపించొచ్చు కానీ కన్‌స్ట్రక్షన్‌లో పేరు మారితే కొలత మారుతుంది, కొలత మారితే బిల్లు మారుతుంది. కాలేజీలో మాత్రం పేర్లని ఒక సబ్జెక్టులో, ఎస్టిమేషన్‌ని ఇంకో సబ్జెక్టులో చెప్పి పంపించేస్తారు.

ఒక్క దూలం తీసుకుని చూడు. మూడు మీటర్ల పొడవు, 230 మిల్లీమీటర్ల వెడల్పు, స్లాబ్ కింద 300 మిల్లీమీటర్ల లోతు. కాంక్రీట్ ఘనపు మీటర్లలో, 3 × 0.23 × 0.3 అంటే 0.207. సెంట్రింగ్‌కేమో, అంటే కాంక్రీట్ గట్టిపడేదాకా పట్టి ఉంచే అచ్చుకి, కాంక్రీట్‌ని తాకే ముఖాలనే లెక్కేస్తారు, అడుగు భాగం 0.23, రెండు పక్కలు 0.3 చొప్పున, మొత్తం 0.83ని మూడుతో గుణిస్తే 2.49 చదరపు మీటర్లు. కమ్మి కిలోల్లో. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకి బరువొస్తుంది, 12 ఎంఎం కమ్మికి అది 0.889 కిలో. అలాంటివి నాలుగు పెడితే, రింగులూ వంపులూ వదిలేసి, 10.67 కిలోలు, అంటే సరిగ్గా ఒక 12 మీటర్ల కమ్మి బరువు. ఒకే దూలం, మూడు కొలతలు, మూడు రేట్లు. ఇది కాగితం చూడకుండా చెప్పగలిగిన డిప్లొమా పిల్లల్ని నేను చాలా తక్కువ మందిని చూశాను.

ఇంకోటి, ఇది బిల్లింగ్ వాళ్లు ఇష్టంగా అడుగుతారు. రెండు వైపులా గిలాబు చేసిన గోడలో నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ ఉంది, ప్లాస్టరింగ్ కొలతలోంచి దాన్ని ఎంత తీసేస్తావు? రెండు వైపులా అంటే తప్పు. కట్టడం పనుల కొలతలకి మన దేశ ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీ అయితే అసలు తీసెయ్యకూడదు, అర నుంచి మూడు దాకా ఒక్క వైపే తీసెయ్యాలి, మూడు దాటితే రెండు వైపులా తీసేసి, జాంబులకి చేసిన పని విడిగా కలపాలి. నాలుగడుగుల కిటికీ దాదాపు ఒకటిన్నర చదరపు మీటరు కాబట్టి ఒక్క వైపే. జాంబుల్లో మేస్త్రీ పడ్డ కష్టానికి రెండో వైపు వదిలేస్తారన్నమాట. జాంబ్ అంటే ఏంటో ఈ లెక్క ఒక్కసారి వేసినవాళ్లు మళ్లీ మర్చిపోరు.

పేరు సరిగ్గా రాసుకోకపోతే ఏమవుతుందో నా జేబు చెప్పింది. ఇక్కడ నేను 30×40 అడుగుల సైట్‌లో ఇల్లు కట్టించినప్పుడు, ఊళ్లో అందరి లాగే 'స్క్వేర్'కి ఇంత అని మాట్లాడుకున్నాను, బెంగళూరులో స్క్వేర్ అంటే వంద చదరపు అడుగులని నీకు తెలిసిందే. డ్రాయింగ్ ప్రకారం నా లెక్క 18 స్క్వేర్లు. చివరి బిల్లు 21కి వచ్చింది. పోర్టికో, బాల్కనీ, పైన మెట్ల గది అన్నీ ఇంటి రేటుకే కలిపేశాడు కాంట్రాక్టరు, సంపూ కాంపౌండ్ గోడా మళ్లీ వేరే. అగ్రిమెంట్‌లో 'బిల్టప్ ఏరియా' అని ఒక్క మాటే ఉంది, దాంట్లో ఏవి వస్తాయో ఇద్దరం రాసుకోలేదు. ఆయన మోసం చేశాడని ఇప్పటికీ గట్టిగా అనలేను, అదే బాధ. అపార్ట్‌మెంట్లలో ఇలాంటి గొడవలు ఎక్కువయ్యే 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో కార్పెట్ ఏరియా, అంటే ఇంట్లో వాడుకునే నేల, అంటే ఏంటో నిర్వచనం రాసి పెట్టారు, బయటి గోడలూ బాల్కనీ అందులోకి రావు, లోపలి అడ్డగోడలు వస్తాయి. సొంతంగా ఇల్లు కట్టించుకునేవాళ్లకి మాత్రం అగ్రిమెంట్‌లో రాసుకున్నదే చట్టం. అలాంటి అగ్రిమెంట్ చదివి "సార్, ఇక్కడ సజ్జా, పిట్టగోడ ఎందులో కొలుస్తారో రాయలేదు" అని చెప్పేవాళ్లకి ఈ ఊళ్లో పని దొరక్కపోవడం ఉండదు. ఆ ఉద్యోగం పేరు క్వాంటిటీ సర్వేయర్, చిన్న కంపెనీల్లో బిల్లింగ్ ఇంజినీర్ అంటారు. మీ నాన్న అడుగుతున్న ఏసీ కూడా అందులోనే ఉంది, కాకపోతే మొదటి ఏడాది ఎండ తప్పదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఒక నోట్‌బుక్ తీసుకుని నాలుగు గళ్లు గీయి. మొదటి దాంట్లో డ్రాయింగ్‌లో ఉండే పేరు, రెండో దాంట్లో మీ నాన్న అనే మాట, మూడో దాంట్లో సైట్‌లో మిగతావాళ్లు అనేది, నాలుగో దాంట్లో కొలత. మూడో గడి తక్కువది కాదు. మీ ఇంట్లో మిద్దె వేయడం అంటారు, ఇక్కడి వాళ్లు మోల్డింగ్ అంటారు, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఢలాయి అంటారు, డ్రాయింగ్‌లో స్లాబ్ కాస్టింగ్ అని ఉంటుంది. కంకర జల్లి అవుతుంది, మళ్లీ గిట్టీ అవుతుంది. క్యూరింగ్‌ని ఒకరు నీళ్లు పట్టడం అంటే ఇంకొకరు తరాయి అంటారు. కదిరి తెలుగు, కన్నడ ఇంట్లోనే వచ్చినదానివి, నీ క్లాసులో ఇంకెంతమందికి ఈ వెసులుబాటుంది చెప్పు.

రెండో గడి కోసం మీ నాన్నని కూర్చోబెట్టు. గోడ నిటారుగా ఉందో లేదో తూకం ఎలా చూస్తారు, నీళ్లు నింపిన గొట్టంతో, అంటే ట్యూబ్ లెవెల్‌తో ఒక గదిలో మట్టం ఇంకో గదిలోకి ఎలా తీసుకెళ్తారు, కమ్మిని అచ్చుకి ఆనకుండా ఎత్తి ఉంచే కవర్ బ్లాక్ దాని కింద పెట్టకపోతే ఏమైందో ఆయన కళ్లతో చూసిన స్లాబ్ ఏదైనా ఉందా, అడుగు. ఉండే ఉంటుంది, కమ్మికి తుప్పు పట్టి ఉబ్బి, కింద పెచ్చులూడిపోయిన స్లాబ్ చూడని మేస్త్రీ ఉండడు. సెంట్రింగ్ ఎన్నాళ్లకి విప్పుతారో కూడా అడుగు. కాంక్రీట్ పనుల ప్రమాణం ఐఎస్ 456లో నాలుగున్నర మీటర్ల దాకా ఉన్న స్లాబ్‌కి ప్రాప్స్, అంటే కింద ఆసరా గుంజలు, కనీసం ఏడు రోజులు ఉండాలి, అది దాటితే పద్నాలుగు. ఆయన చెప్పేది వేరేగా ఉంటే రెండూ పక్కపక్కన రాసుకో, ఎవరిది కరెక్టో అని అన్నం దగ్గర వాదన పెట్టుకోకు.

సైట్ వద్దని ఆయన అనేది పని మీద చిన్నచూపుతో కాదనుకుంటా. ఆడవాళ్లకి సైట్‌లో సరైన టాయిలెట్ కూడా ఉండదని ఆయనకి మనందరికంటే బాగా తెలుసు. కాబట్టి ఇంటర్వ్యూలో అది నువ్వే అడుగు, టాయిలెట్ ఎక్కడ, సాయంత్రం కాంక్రీట్ ఆలస్యమైతే ఇంటికి ఎలా పంపిస్తారు అని. మొహమాటపడకు. సమాధానం నీళ్లు నమిలినట్టుంటే ఆ కంపెనీ వద్దు.

డిప్లొమా అవగానే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో, ఏడాది అప్రెంటిస్‌షిప్, స్టైపెండ్ ఇస్తారు. ఆ ఏడాది సైట్‌లో గడిపితే చాలు. డిప్లొమా వాళ్లకి కర్ణాటకలో పెట్టే డీసెట్ రాసి నేరుగా బీఈ రెండో సంవత్సరంలో చేరే దారి ఎలాగూ ఉంది, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) జూనియర్ ఇంజినీర్ పరీక్షకి కూడా డిప్లొమాతో అర్హత ఉంటుంది, వాటి గురించి నోట్‌బుక్ సగం నిండాక మాట్లాడుకుందాం.

ఈ ఆదివారం నాన్న పని చేస్తున్న ఇంటికి ఒక్క గంట వెళ్లిరా. ఐదు మీటర్ల టేపు పట్టుకెళ్లు. ముందు సిల్ కొలిచి, తర్వాత మెట్లు ఎక్కు, కాలు పెట్టే ట్రెడ్ ఎంతో, మెట్టు ఎత్తు అంటే రైజర్ ఎంతో రాసుకుని నాకు పంపు, అన్ని రైజర్లూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కూడా.