ఒత్తుల కింద చోటు

విజయనగరం,
ఆదివారం.

తమ్ముడూ,

నువ్వు కట్టి పంపిన పిల్లల పత్రిక ఎనిమిది పేజీలూ, వాళ్ల నోట్‌బుక్కుల ఫొటోలూ అందాయి. ఫోన్‌లో బాగానే కనిపించాయి గానీ నాకు నమ్మకం కుదరక, గంటస్తంభం దగ్గర ప్రింటు తీయించి చూశాను.

ఏ4 పేజీకి మూడు కాలమ్‌లు పెట్టావు. ఇంగ్లీషు మేగజైన్లు చూసి చేసినట్టున్నావు. వాళ్ల మాటలు పొట్టివి, మనవి ఒకదాన్నొకటి పట్టుకుని సాగుతాయి. ‘వెళ్లిపోయినప్పటినుంచి’ అన్న ఒక్క మాటకే కాలమ్ సగం పైగా నిండిపోయింది. రెండువైపులా సమంగా రావాలని పెట్టావు కదా, మిగిలిన మాటల మధ్య ఖాళీలు సాగి లైను పళ్లూడిన నోరులా ఉంది. రెండు కాలమ్‌లు చాలు. ఎడమ అంచు కలిపి, కుడివైపు ఎగుడుదిగుడుగా వదిలెయ్. కొంపలేం మునగవు.

అసలు గొడవ ఒత్తులతో. 11 పాయింట్ల అక్షరానికి లైనుకీ లైనుకీ మధ్య 13 ఇచ్చావు. ఇంగ్లీషుకి అది సరిపోతుంది. మన ‘రాష్ట్రం’ చూడు, కింద ఒత్తు మీద ఒత్తు. రెండో పేజీలో అది కింది లైనులోని ‘కీ’ గుడిదీర్ఘాన్ని గుద్దేసింది. 17 పెట్టి చూడు. పేజీలు పెరుగుతాయని టెన్షన్ పడకు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి ఎలాగూ నాలుగేసి పేజీలే పెరుగుతాయి, ఎనిమిది దాటితే పన్నెండే. మిగిలిన చోట పిల్లల బొమ్మలు వెయ్యి. వాటిని వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా తెప్పించుకో, లేకపోతే అచ్చులో మసకబారతాయి.

మూడో పేజీలో ఒత్తులు అక్షరం కిందికి చేరకుండా పక్కకి పడ్డాయి. నువ్వు పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ని వరల్డ్ రెడీకి మార్చు, సర్దుకుంటాయి. డీటీపీ షాపులో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో మళ్లీ కొడతామంటే మాత్రం ఒప్పుకోకు. మళ్లీ కొడితే మళ్లీ కొత్త తప్పులు, మళ్లీ ప్రూఫులు.

శీర్షికలకి గిడుగు, గురజాడ పేర్లతోనే ఉచిత ఫాంట్లున్నాయి. ఏదో ఒకటి తీసుకో. వాళ్లిద్దరూ ఈ ఊళ్లో కలిసి చదువుకున్నవాళ్లే అయినా ఒకే పేజీలో ఇద్దరూ వద్దు. లోపల వ్యాసానికి మండలి ఫాంటు బావుంటుంది.

గిడుగు పేరెత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. జీడితోట గురించి రాసిన కుర్రాడు నోట్‌బుక్కులో ‘మా తాత జారి పడిపోనాడు’ అని రాశాడు. నువ్వు ‘పడిపోయెను’ అని దిద్దావు. మన జిల్లాలవాళ్లం, మనమే ఇలా దిద్దితే ఎలా? ఆ మాట వాడికి తిరిగి ఇచ్చెయ్.

నేను ఇంతకంటే పెద్ద తప్పే చేశాను. చాలా ఏళ్ల కిందట ఒక బడి పత్రికకి పేజీలు కడుతున్నాను. ఒకమ్మాయి పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం గురించి రాసింది. జనం, రథం, వాన వచ్చేలా ఉన్న ఆకాశం, అన్నీ ఎవరైనా రాసేవే. ఆఖరి రెండు లైన్లలో మాత్రం, సిరిమాను చివర కూర్చున్న పూజారి మీదికి తను విసిరిన అరటిపండు అక్కడిదాకా పోకుండా ముందు నిలబడ్డ మేనత్త కొప్పులో పడిందని రాసింది. పేజీలో చోటు లేదు. బాక్సుకి రంగు అంచు వేసుకున్నాను, దాన్ని తగ్గించడానికి మనసొప్పలేదు. ఆ రెండు లైన్లూ తీసేశాను.

పత్రిక పంచిన రోజు ఆ పిల్ల తన వ్యాసం చివర వేలు పెట్టి, పేజీ తిప్పి వెనక చూసింది. మళ్లీ ముందుకి తిప్పింది. నన్నేమీ అడగలేదు.

నీ ఐదో పేజీలో బాక్సు కింద కుడిమూల, మాటలన్నీ పట్టలేదని చెప్పే చిన్న ఎర్ర ప్లస్ గుర్తు కనిపిస్తుంది, చూడు. నోట్‌బుక్కులో ఇంకా నాలుగు లైన్లున్నాయి.

ఆశీస్సులతో,
అక్క