ఆ ‘ఇన్’ వేరు, ఈ ‘ఇన్’ వేరు

సందేహం: పెట్రోలు ట్యాంకర్ల వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటుంది. ఇన్‌కరెక్ట్ అంటే కరెక్ట్ కానిది, ఇన్‌విజిబుల్ అంటే కనిపించనిది. ఆ లెక్కన ఇది ‘అంటుకోనిది’ కావాలి కదా? పైగా ఈ ‘ఇన్’ కొన్నిచోట్ల ఇమ్, ఇల్, ఇర్ అని ఎందుకు మారుతుంది? ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను.

సమాధానం: అమ్మాయి సరైన చోటే పట్టుకుంది. ఈ ఇంగ్లిష్ మాటలకు మూలమైన లాటిన్‌లో ‘ఇన్’లు రెండున్నాయి. ఒకటి ‘కాదు, లేదు’ అనేది. రెండోది ‘లో, లోపలికి’ అనేది. ఇన్‌ఫ్లేమబుల్‌లో ఉన్నది రెండోది; రగిలించు, మంటపెట్టు అనే లాటిన్ క్రియ నుంచి వచ్చిన మాట అది. ఒంట్లో ఎక్కడైనా వాచి ఎర్రబడితే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారే, అదీ దీని చుట్టమే. కాబట్టి ట్యాంకర్ మీది మాటకు ‘ఇట్టే అంటుకునేది’ అనే అర్థం. జనం పొరబడి ప్రాణాల మీదికి తెచ్చుకుంటారని 1920లలో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ‘ఇన్’ తీసేసి ‘ఫ్లేమబుల్’ అని వాడమంది. రెండింటి అర్థం ఒక్కటే. అంటుకోనిది అయితే ‘నాన్‌ఫ్లేమబుల్’. మన ట్యాంకర్లు మాత్రం పాత మాటను వదల్లేదు.

ఈ చిక్కు మనకూ ఉంది. అనారోగ్యం, అనర్హత, అనవసరం వీటిలో ‘అన్’ వ్యతిరేకార్థమే. అది చూసి అనుమానం, అనుకూలం కూడా ఆ కోవలోవే అనుకుంటే దెబ్బతింటాం. అక్కడున్నది ‘అను’ అనే ఉపసర్గ. అందుకే అనుకూలం కానిదాన్ని ‘అననుకూలం’ అనగలుగుతున్నాం. ‘అమూల్యం’ ఇంకో రకం. అందులోని ‘అ’కు అర్థం ‘లేదు’ అనే, కానీ మాట మాత్రం వెల కట్టలేనంత గొప్పదని. ఇంగ్లిష్ ‘ఇన్‌వాల్యుబుల్’ కూడా అచ్చం అంతే.

ఇక ఇమ్, ఇల్, ఇర్ సంగతి. ‘ఇన్‌పాసిబుల్’ అని అమ్మాయిని వేగంగా నాలుగుసార్లు అనమనండి. ‘ప’ కోసం పెదవులు ముందే మూసుకుని, ‘న్’ తనంతట తానే ‘మ్’ అయిపోతుంది. మన సున్నా చేసేదీ ఇదే: ‘పంది’లో న్‌గా, ‘పంపు’లో మ్‌గా పలుకుతుంది, రాత ఒక్కటే. లాటిన్‌వాళ్లు పలికినట్టే రాసుకున్నారు. అందుకే ప, బ, మ శబ్దాల ముందు ఇమ్ (ఇంపాసిబుల్, ఇంబ్యాలెన్స్, ఇమ్మెచ్యూర్), ల ముందు ఇల్ (ఇల్లీగల్), ర ముందు ఇర్ (ఇర్రెగ్యులర్).

ఇంగ్లిష్ ‘అన్’ (un) మాత్రం ఇలా మారదు, అది ఆ భాష సొంత సొత్తు. అన్‌పెయిడ్ అన్‌పెయిడే, అన్‌లక్కీ అన్‌లక్కీయే. ఏ మాటకు అన్, ఏ మాటకు ఇన్ అంటే గట్టి సూత్రమేమీ లేదు. లాటిన్ నుంచి వచ్చిన మాటలకు ఎక్కువగా ఇన్ వస్తుందని చెప్పుకోవచ్చు, కానీ అదీ నిలవదు: అన్‌ఏబుల్ అంటారు, దాని నామవాచకం దగ్గరికి వచ్చేసరికి ఇనబిలిటీ అంటారు. అన్‌ఈక్వల్, ఇనీక్వాలిటీ కూడా అంతే. ఈ జంటలను మాత్రం బట్టీ పట్టాల్సిందే.