పాత వాచీని ఎంతవరకు బాగుచేయించాలి?

ప్రశ్న: మా నాన్నగారి హెచ్‌ఎంటి జనతా ఇరవై ఏళ్లుగా బీరువాలోనే ఉంది. కీ ఇస్తే కాసేపు నడిచి ఆగిపోతోంది. డయల్ పసుపెక్కి మచ్చలు పడింది. గ్లాసు నిండా గీతలు. కేసు అంచుల్లో పూత పోయి ఇత్తడి కనిపిస్తోంది. షాపులో చూపిస్తే "కొత్త డయల్ వేసి, పాలిష్ కొట్టి షోరూమ్ పీసులా చేసిస్తా" అన్నారు. చేయించమంటారా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మెషిన్‌కి పూర్తి సర్వీసింగ్ చేయించండి, గ్లాసు మెరుగు పెట్టించండి. డయల్ మీద, కేసు మీద మాత్రం చెయ్యి వేయనివ్వకండి.

లోపలి మెషిన్ నడిచేకొద్దీ అరిగేది కాబట్టి దాన్ని బాగుచేయకుండా వాచీ కట్టుకుంటే నష్టం పెరుగుతుంది. పసుపెక్కిన డయల్ వల్ల వాచీకి ఏ హానీ లేదు. మచ్చలు మీకు ఇబ్బందనిపిస్తే ఆ నిర్ణయం ఐదేళ్ల తర్వాతైనా తీసుకోవచ్చు. ఒకసారి పాత రంగు గీకేశాక మాత్రం మీ నాన్నగారు చూసిన ఆ డయల్ మళ్లీ రాదు.

మెషిన్ సంగతి. హెచ్‌ఎంటి 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలుపెట్టిన చేతి వాచీల వంశంలోదే మీ జనతా. 17 జ్యూయెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు), గంటకు 18,000 బీట్లు (టిక్కులు). గట్టి మెషిన్. ఇరవై ఏళ్లలో దాని నూనె ఎండి జిగురై ఉంటుంది, కాసేపు నడిచి ఆగడానికి చాలావరకు అదే కారణం. దాని మీదే కొత్త నూనె చుక్క వేస్తే వాచీ వెంటనే నడుస్తుంది గానీ, పాత జిగురు, దుమ్ము, కొత్త నూనె కలిసి గరుకు ముద్దలా మారి పివట్లను, అంటే చక్రాల ఇరుసు కొనలను, అరగదీస్తాయి. మెషిన్‌ని విప్పకుండా పెట్రోల్లో ముంచి తీసి నూనె వేసి ఇవ్వడం మన బజార్లలో ఇప్పటికీ ఉన్న అలవాటే. కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ ఉండే డబ్బా, అంటే బ్యారెల్ లోపలి మురికి అలా పోదు.

సరైన సర్వీసింగ్‌లో ముందు మెయిన్ స్ప్రింగ్ బిగువు వదిలించాలి. క్రౌన్‌ని (కీ ఇచ్చే గుండీ) వేళ్లతో పట్టుకుని, క్లిక్‌ని (స్ప్రింగ్ వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం) పక్కకు జరిపి, మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. ఇది చేయకుండా బ్రిడ్జి (చక్రాలను పట్టి ఉంచే పలక) విప్పితే చక్రాల పళ్లు విరుగుతాయి. తర్వాత ప్రతి భాగం విడదీసి శుభ్రం చేయాలి. పాలెట్ ఫోర్క్‌నీ (చక్రాలను ఒక్కో పన్నే కదలనిచ్చే చిన్న ఫోర్కు) బ్యాలెన్స్‌నీ (అటూ ఇటూ ఊగే చక్రం) స్పిరిట్‌లో నానబెట్టకూడదు, వాటి రాళ్లను అంటించిన లక్క కరిగి రాళ్లు కదులుతాయి. నూనె అన్నిచోట్లా ఒకటే కాదు. బ్యాలెన్స్ రాళ్లకు, వేగంగా తిరిగే చక్రాలకు మోబియస్ కంపెనీ 9010 లాంటి పలచనిది, బ్యారెల్, సెంటర్ వీల్ వైపు చిక్కనిది, పాలెట్ రాళ్ల అంచులకు 9415, కీ ఇచ్చే భాగాలకు గ్రీజు. పాలెట్ ఫోర్క్ పివట్లకు అసలు నూనె వేయరు. చుక్క ఎక్కువైనా చేటే, పాకి ఎక్కడికో పోతుంది.

పని అయ్యాక టైమ్‌గ్రాఫర్ (వాచీ టిక్కులు విని కొలిచే యంత్రం) మీద రీడింగ్ చూపించమని అడగండి. నిండా కీ ఇచ్చి డయల్ పైకి ఉంచినప్పుడు యాంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ ఊగే మేర) 260 నుంచి 300 డిగ్రీల మధ్య ఉండాలి. 220కి దిగువన ఉంటే ఇంకా జిగురో, బలం తగ్గిన స్ప్రింగో ఉన్నట్టు. బీట్ ఎర్రర్ (టిక్, టాక్‌ల మధ్య తేడా) 1 మిల్లీసెకనుకు లోపు చాలు. ఈ వయసు వాచీ రోజుకు 20, 30 సెకన్లు అటూ ఇటూ నడిస్తే సంతోషించాలి, క్వార్ట్జ్‌తో పోల్చకండి. మెయిన్ స్ప్రింగ్ మారిస్తే పాతదాని వెడల్పు, మందం కొలిచి అదే కొలతది వేయాలి. మందం ఎక్కువైతే యాంప్లిట్యూడ్ మరీ పెరిగి వాచీ 'తన్నడం' మొదలవుతుంది, అంటే బ్యాలెన్స్ మరీ ఎక్కువ తిరిగి పాలెట్ ఫోర్క్‌ని వెనక వైపు నుంచి కొడుతుంది.

గ్లాసు అక్రిలిక్ కాబట్టి ఇంట్లోనే చేయొచ్చు. కేసు చుట్టూ టేపు అంటించి, 1000, 1500, 2000 నంబర్ల నీటి కాగితంతో వరుసగా తడిపి రుద్ది, చివర ప్లాస్టిక్ పాలిష్ పేస్టు పట్టిస్తే గీతలు మాయమవుతాయి. పగులు ఉంటే మాత్రం మార్చాల్సిందే, పగులు గుండా తేమ దిగుతుంది.

కేసు విషయంలో ఒక పరీక్ష ఉంది. వెనక మూత మీద 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని రాసి ఉంటే స్టీలు ఆ మూత ఒక్కటే. మిగతాదంతా ఇత్తడి మీద క్రోమ్ పూత. పాలిష్ చక్రం పెడితే మిగిలిన పూత కూడా పోయి, చెమటకు ఇత్తడి పచ్చబడుతుంది. మెషిన్ తీసేశాక కేసును గోరువెచ్చని సబ్బు నీళ్లలో మెత్తని బ్రష్‌తో కడిగించి వదిలేయండి. మళ్లీ పూత వేయించడం సాధ్యమే, కానీ ముందు పాత పూత తీయాలి, అంచులు మొద్దుబారతాయి. నేనైతే వద్దంటాను.

డయల్‌కి నీళ్లు, స్పిరిట్ తగలకూడదు, అక్షరాలు చెదిరిపోతాయి. గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము కొట్టించడం వరకే. క్రౌన్ గీతలు అరిగి జారుతుంటే మార్చుకోవచ్చు. మార్చిన ప్రతి పాత ముక్కనూ కవర్లో పెట్టి వెనక్కివ్వమని ముందే చెప్పండి. హెచ్‌ఎంటి వాచెస్ మూసివేతకు 2016లో కేంద్రం అనుమతించింది. ఫ్యాక్టరీ నుంచి కొత్త పార్టులు రావు. ఇప్పుడు దొరికేది చాలావరకు మిగిలిపోయిన పాత స్టాకో, మరో పాత వాచీలోంచి తీసినదో.

ప్రశ్న: మా తాతగారి సోవార్ ప్రైమా వాచీలో అంకెలు చీకట్లో వెలిగేవట. ఇప్పుడు వెలగడం లేదు. ఆ రంగు గీకి కొత్తది పూయించవచ్చా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: గీకించకండి. 1960లకు ముందు అలా వెలిగిన డయళ్లలో చాలావాటిలో వాడింది రేడియం. వెలగనంత మాత్రాన రేడియం పోలేదు. దాని అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లు. చచ్చిపోయింది దానితో కలిపిన జింక్ సల్ఫైడ్, రేడియేషన్ దెబ్బలకు అది కొన్నేళ్లలోనే అలసిపోతుంది. ముళ్లు ఎక్కువకాలం ఆగిన చోట డయల్ మీద గోధుమ రంగు నీడలా కాలిన గుర్తు ఉంటే అనుమానం బలపడుతుంది. గ్లాసు మూసి ఉన్నంతవరకు ఒక్క వాచీతో పెద్ద భయం లేదు. ప్రమాదమంతా ఆ రంగు పొడిగా రాలి ఊపిరిలోకి వెళ్లినప్పుడే. గ్లాసు, వెనక మూత ఇంట్లో తెరవకండి, సర్వీసింగ్‌కి ఇస్తే రేడియం సంగతి ముందే చెప్పండి. మంచం పక్కన కాక గాలి ఆడే చోట పెట్టండి. డయల్ అడుగున 'టి' అక్షరం ఉన్న తర్వాతి కాలపు వాచీలది ట్రిటియం. దాని అర్ధాయువు 12 ఏళ్ల పైచిలుకే, అందుకే అవి ఇప్పటికి దాదాపు ఆరిపోయాయి. అయినా అసలు రంగును గీకకపోవడమే మేలు.

ప్రశ్న: సర్వీసింగ్ అయిన నెలకు వాచీ ఉన్నట్టుండి రోజుకు పదిహేను నిమిషాలు ముందుకు పోతోంది. మెకానిక్ తప్పేనా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందే తప్పు పట్టకండి. స్పీకరు, మాగ్నెట్ కవరున్న ఫోను దగ్గర పెడితే హెయిర్ స్ప్రింగ్‌కి (బ్యాలెన్స్‌ని ఊపే సన్నని స్ప్రింగ్) అయస్కాంతం పట్టి చుట్లు అతుక్కుంటాయి, స్ప్రింగ్ పొట్టయినట్టు పనిచేస్తుంది. చిన్న దిక్సూచిని వాచీ మీద ఆనించి చూడండి. ముల్లు వాచీతోపాటు వణికితే అదే సంగతి. డీమాగ్నెటైజర్ (అయస్కాంతం పోగొట్టే పరికరం) బటన్ నొక్కి ఉంచే వాచీని మెల్లగా చెయ్యి చాచినంత దూరం లాగి, అప్పుడు బటన్ వదలాలి. దగ్గరుండగానే వదిలితే మళ్లీ పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే హెయిర్ స్ప్రింగ్‌కి నూనె అంటినట్టు, అది మెకానిక్ పనే. రెగ్యులేటర్ (వేగం సరిచేసే మీట) జరిపి సరిచేయనివ్వకండి, లోపం అలాగే ఉండిపోతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఎర్ర డయల్‌తో కొత్తలా మెరిసే హెచ్‌ఎంటి పైలట్ చవగ్గా కనిపించింది. కొనవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రోజూ కట్టుకోవడానికైతే కొనండి, అసలైనదన్న ధర మాత్రం ఇవ్వకండి. పైలట్ అనగానే తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది నల్ల డయల్, తెల్ల అంకెలు. ఎర్రవి, నారింజవి చాలామట్టుకు తర్వాత పూసినవి. పదిరెట్ల భూతద్దంతో చూస్తే అక్షరాల అంచులు పాకి ఉంటాయి, నిమిషాల గీతలు గంట అంకెలకు ఎదురుగా రావు. వెనక మూత తీసి మెషిన్ ఫొటో పంపమని అడగండి. స్క్రూల గాట్లు చిందరవందరగా ఉన్నా, రేచెట్ చక్రం (కీ ఇస్తే తిరిగే పళ్ల చక్రం) మీద తుప్పు కనిపించినా, కొన్న ధరకు పూర్తి సర్వీసింగ్ ఖర్చు కలిపి లెక్కేసుకోండి.